పద్నాలుగో బ్రష్

మంగళవారం పొద్దున బకెట్ల షావుకారు వేసుకున్న పథకం చిన్నదే. తన కొట్టు తలుపులు తీసేలోపు మామగారి గడ్డం సంగతి తేల్చెయ్యాలి. గురువారం ఎనిమిది గంటలకు ఆయన కుడికంటికి శుక్లం ఆపరేషన్. ఎడమకన్ను ఎప్పుడో పోయింది. ఆసుపత్రి నర్సు ఫోన్ చేసి మరీ చెప్పింది: "గడ్డం నున్నగా తీయించుకుని రండి. లేకపోతే బల్ల ఎక్కించరు. ఈ తేదీ పోతే మళ్ళీ మూడు నెలల దాకా ఖాళీ లేదు. ఆలోపు శుక్లం ముదిరిపోతే మాదికాదు పూచీ."

మామగారిది రెండు నెలల గడ్డం. ఆయన చేతులు వణుకుతాయి కాబట్టి తొమ్మిదేళ్ళుగా అత్తగారే రోజూ పొద్దున స్టూలు మీద కూర్చోబెట్టి గీసేది. రెండు నెలల కిందట ఒకరోజు అలాగే గడ్డం గీసి, మగ్గు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని వెళ్ళి, ఇక లేవలేదు. ఆనాటి నుంచి ఆయన తన మొహం మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. కూతురు బతిమాలింది, అలిగింది, ఒక పూట అన్నం మానేసింది. ఆయన మాత్రం "నాకు బాగానే ఉందిలేమ్మా" అని గోడవైపు తిరిగిపోయేవారు.

షావుకారు ఇరవై రెండేళ్ళుగా ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు, టబ్బులు అమ్ముతున్నాడు. ఏ వస్తువును చూసినా అతనికి ముందు కొన్న ధర, తర్వాత అమ్మిన ధర, ఆ రెంటి నడుమ సన్నటి సందులో దూరి బతుకుతున్న మనిషి కనిపిస్తారు. మామగారి మొండితనాన్ని కూడా అతను అలాగే లెక్కకట్టాడు. కొనేవాడు వద్దంటున్నాడంటే సరుకులోనే ఏదో లోపం ఉంది. అరిగిన బ్రష్, సొట్టపడిన మగ్గు చూస్తే ఎవరికి మాత్రం గడ్డం గీయించుకోవాలనిపిస్తుంది? మంచి సరుకు ముందు పెడితే ఆయనే దారికొస్తారు.

పెద్దవీధి మలుపులో కొత్తగా పెట్టిన గడ్డం సామాన్ల కొట్టులో నగల కొట్టుకు పెట్టాల్సిన దీపాలున్నాయి. గోడకు మొత్తం కలిపి పదకొండు వస్తువులు. అద్దె ఎంతో, పదకొండు వస్తువుల మీద అది ఎలా గిట్టుబాటవుతుందో గుమ్మంలోనే మనసులో వేసుకుని, షావుకారు ఆ కొట్టాయన మీద జాలిపడ్డాడు. ధర విన్నాక ఆ జాలి తనవైపు తిరిగింది.

"సెట్టు మొత్తం నాలుగు వేల ఎనిమిది వందలు సార్. రేజరు, బ్రష్, కొయ్యగిన్నెలో సబ్బు, స్టాండు."

"స్టాండు దేనికండీ?"

"బ్రష్ తలకిందులుగా వేలాడాలి సార్. లేకపోతే కుదుళ్ళలోకి నీళ్ళు దిగుతాయి."

"మా ఇంట్లో మేకుంది. స్టాండు తీసేసి చెప్పండి."

"విడిగా ఇవ్వం సార్. కాకపోతే మీ పాత బ్రష్ తెచ్చిస్తే పావువంతు తగ్గిస్తాం." కొట్టాయన అద్దాల కిటికీలో ఉన్న పెద్ద గాజు జాడీ చూపించాడు. నిండా అరిగిన బ్రష్షులు. "వీధిలో పోయేవాళ్ళు అది చూసి ఆగుతారు. ఆగినవాళ్ళలో పదిమందికి ఒకరు లోపలికొస్తారు."

పారేసే వస్తువును కిటికీలో కూలికి నిలబెట్టిన ఆ తెలివికి షావుకారు మనసులోనే దణ్ణం పెట్టాడు. పావువంతంటే పన్నెండు వందలు. అంత లాభం కళ్ళముందు కనబడుతుంటే వదిలి వచ్చే అలవాటు అతనికి లేదు. గబగబా ఇంటికొచ్చి, మామగారు కునుకు తీస్తున్నప్పుడు స్నానాలగది అలమార మీదున్న నల్లపిడి బ్రష్ జేబులో వేసుకుని వెళ్ళి, అరగంటలో కొత్త సెట్టుతో తిరిగొచ్చాడు.

మామగారు పెట్టె మీద వేళ్ళు తడిమి, "ఎంత?" అన్నారు.

"ఎనిమిది వందలు" అన్నాడు షావుకారు, మిగిలిన వేలు మింగేసి.

"నిలువునా ముంచాడు. మీ అత్తయ్య ముప్ఫైకి తెచ్చేది." పెట్టె పక్కకు జరిపి ఆయన లేచి, గోడ పట్టుకుంటూ స్నానాలగదిలోకి వెళ్ళారు. అలమార తడుముతున్న చప్పుడు వినిపించింది. ఒకసారి. రెండోసారి. మగ్గు కిందపడింది. "అమ్మాయ్, ఇక్కడ బ్రష్ ఉండాలి, ఏది?"

భార్య వంటింట్లోంచి వచ్చి మొగుణ్ణి చూసింది. ఇరవై రెండేళ్ళ బేరాల్లో తొణకని మనిషి పెళ్ళాం చూపుకు తడబడ్డాడు. "అదా... శుభ్రం చేయించడానికి లాండ్రీలో ఇచ్చాను."

"బ్రష్‌నా? పొద్దస్తమానం సబ్బులో బతికే వస్తువును శుభ్రం చేయించడమేమిటండీ?"

"కుదుళ్ళలో మురికి ఉంటుంది. నీకు తెలీదు."

ఆవిడ అప్పటికప్పుడు లాండ్రీకి ఫోన్ చేసింది. ఆ లాండ్రీవాడు క్రితం నెలలోనే వీళ్ళ దుప్పటి ఒకటి పోగొట్టి, ఇంకా ఒప్పుకోకుండా తప్పించుకు తిరుగుతున్నాడు. అడిగింది ఏదో సరిగ్గా వినకుండానే, "ఉందమ్మా, మా దగ్గరే భద్రంగా ఉంది, గంటలో తెచ్చిస్తా" అన్నాడు. తన అబద్ధానికి ఊరుపేరు లేని సాక్షి దొరికినందుకు షావుకారు సంతోషించాలో భయపడాలో తేల్చుకోలేకపోయాడు.

గంటలో లాండ్రీవాడు గుమ్మంలో చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. చేతిలో కొత్త బ్రష్ ఉంది. కోటు దులుపుకునేది. "మీది కాస్త పాతబడిందని కొత్తదే తెచ్చానమ్మా. దుప్పటి విషయం మాత్రం ఇంతటితో మర్చిపోవాలి మీరు."

మామగారు దాన్ని తీసుకుని, జాగ్రత్తగా చెంపకు ఆనించుకుని, వెంటనే దింపేశారు. "బాబూ, దీంతో నువ్వు గాడిదను తోముకోవచ్చు." లాండ్రీవాడు వెళ్ళాక ఆయన మంచం మీద కూర్చుని, "అల్లుడూ, ఇప్పుడు చెప్పు" అన్నారు.

షావుకారు చెప్పాడు. ఆయన కోప్పడలేదు.

"ఎంత తగ్గించాడు?"

"పన్నెండు వందలు."

"మంచి బేరమే. మీ అత్తయ్య ఉంటే మెచ్చుకునేది."

ఆయన గడ్డం లోపలికి వేళ్ళు పోనిచ్చి, చెంప వెతుక్కుంటున్నట్టు అన్నారు: "ఇక్కడ ఆఖరున చెయ్యి వేసింది ఆవిడే. పైన గడ్డం మూసుకుంది, లోపల అది అలాగే ఉందనుకుంటున్నా. మీకు పిచ్చిగా ఉంటుందనే చెప్పలేదు. ఆవిడ పట్టుకున్న బ్రష్ అయితే, పోనీలే, కూతురి చేత గీయించుకుందామని నిన్న రాత్రే అనుకున్నా. ఇప్పుడు అదీ లేదు. ఎల్లుండి ఆపరేషన్ వద్దని చెప్పెయ్యండి. కనిపించి మాత్రం చూడాల్సిందేముంది?"

వంటింట్లో కుళాయి విప్పిన చప్పుడైంది. గిన్నెలేవీ తోమకుండానే నీళ్ళు అలా పోతూ ఉన్నాయి. తనకు తెలియకుండా తను అమ్మేసిన వస్తువు ధర షావుకారుకు అప్పుడు అర్థమైంది.

బుధవారం పొద్దున గడ్డం కొట్టు తెరవకముందే అతను మెట్ల మీద కూర్చున్నాడు. కొట్టాయన జాడీ మొత్తం బల్ల మీద బోర్లించి, "ఏరుకోండి సార్" అన్నాడు. నల్లపిడివి పందొమ్మిది తేలాయి. షావుకారు ఒక్కొక్కటీ వెలుగులో పట్టి చూశాడు. తొమ్మిదేళ్ళు తన ఇంట్లో, తన సబ్బు పక్కనే నిలబడ్డ వస్తువును అతను ఒక్కనాడూ చూడలేదు. భార్యకు ఫోన్ చేశాడు.

"అమ్మ బ్రష్‌కు వెంట్రుకలు అరిగి ఉంటాయండీ."

"అరగనిది ఎవడైనా ఎక్స్ఛేంజికి ఇస్తాడా?"

ఫోన్‌లో మామగారి గొంతు వచ్చింది. "నన్ను తీసుకెళ్ళు. నాకు కనిపించకపోతేనేం, నా చెంపకు తెలుస్తుంది."

అలా మామగారు, కూతురు ఆ కొట్టుకు వచ్చారు. కొట్టులో గడ్డాలు గీసే పెద్దాయన ఒకడున్నాడు, తెల్లని అంగీ, నెమ్మదైన చేతులు. మామగారిని తోలు కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి బ్రష్‌ను మందు కలిపిన వేడినీళ్ళలో కడిగి, సబ్బులో తిప్పి, ఆయన కుడిచెంప మీద గుండ్రంగా రాశాడు. "కాదు" అన్నారు మామగారు. తుడిచి, రెండోది. "కాదు." మూడోది. "ఇది మరీ మెత్తన. ఇది వాడినవాడికి పెళ్ళయి ఉండదు."

షావుకారుకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఒక్కొక్క బ్రష్ కడిగేలోగా ఒక్కొక్క వస్తువు ధర అడుగుతున్నాడు. "ఈ తువ్వాలు ఎంత? ఈ కుర్చీ? ఈ పటికముక్కకా అంత? మా ఇంటి దగ్గర దానికి సంచీడు ఇస్తారు."

ఆరో బ్రష్ వేళకు కిటికీ బయట జనం పోగయ్యారు. ముసలాయన చెంపకు పదేపదే సబ్బు రాస్తుంటే అదేదో కొత్త రకం మర్యాద అనుకుని ఇద్దరు లోపలికొచ్చారు. ఒకాయన టై సర్దుకుంటూ, "ఇన్ని బ్రష్షుల సేవకు ఎంతండీ? ముందుగా చెప్పి రావాలా?" అని అడిగాడు. కొట్టాయన బయటి జనాన్ని ఒకసారి చూసి, "పందొమ్మిది బ్రష్షులకైతే వెయ్యిన్నూటయాభై" అన్నాడు. ఆయన పేరు రాయించుకుని వెళ్ళాడు.

తొమ్మిదో బ్రష్ నడుస్తుండగా కొట్టాయన షావుకారును పక్కకు పిలిచి, గొంతు తగ్గించాడు. "సార్, ఏమీ అనుకోకండి. నిన్న మీరిచ్చిన బ్రష్ వెంట్రుకలు రాలుతుంటే, జాడీ పాడవుతుందని ఊడ్చే ఆవిడ చెత్తలో వేసేసిందట. ఇప్పుడే చెప్పింది. చెత్తబండి పొద్దునే వెళ్ళిపోయింది."

బకెట్‌లో చిన్న పగులుంటే కొనేవాడికి ముందు ఆ పగులే చూపించి, తర్వాత ధర చెప్పే మనిషి అతను. షావుకారు ఇప్పుడూ నోరు తెరవబోయాడు. కుర్చీ పక్కన కూతురు తండ్రి వణికే చేతిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆయన కళ్ళు మూసుకుని, చెంప ముందుకు పెట్టి, పదో బ్రష్ కోసం ఎదురుచూస్తున్నారు. షావుకారు నోరు మూసుకుని గోడకు ఆనుకున్నాడు.

పది కాదు. పదకొండు కాదు. పన్నెండు, పదమూడు కాదు. పద్నాలుగోది చెంప మీద రెండుసార్లు తిరగ్గానే మామగారు చెయ్యెత్తారు.

"ఇదే."

కూతురు నవ్వబోయి ఏడ్చింది. కొట్టాయన షావుకారు మొహం చూసి, తలదించుకున్నాడు.

"సబ్బు రాసి గీస్తున్నంతసేపూ ఇరుగుపొరుగు కబుర్లన్నీ చెప్పేది" అన్నారు మామగారు కళ్ళు తెరవకుండానే. "నేను నవ్వితే, 'కదలకండి, కోసుకుంటుంది' అని కసిరేది. నవ్వించేదీ ఆవిడే, కసిరేదీ ఆవిడే." తర్వాత గడ్డాలు గీసే పెద్దాయనతో, "కానివ్వండి" అన్నారు.

రేజరు కిందికి దిగింది. తెల్లటి గడ్డం నురగతో పాటు గిన్నెలోకి జారింది. దాని కిందనుంచి బయటపడిన మొహం అందరూ అనుకున్నదానికన్నా చాలా చిన్నది. పెద్దాయన వేడి తువ్వాలు అద్దుతుంటే మామగారు ఒక్కసారి దాన్ని తన చేత్తోనే గట్టిగా అదిమి పట్టుకున్నారు. ఎవరూ లాగలేదు. కొట్టాయన డబ్బు వద్దన్నాడు. షావుకారు ఆ పద్నాలుగో బ్రష్‌ను కాగితంలో చుట్టించుకుని, పిల్లిలా బయటికి నడిచాడు.

ఇంటికి వెళ్ళే అద్దెకారులో కూతురు ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక సీట్లో మామగారు అల్లుడివైపు వంగి, ఆవిడకు వినపడకుండా అన్నారు: "అది మీ అత్తయ్యది కాదు."

షావుకారు ఒళ్ళోని కాగితపు పొట్లం వైపు చూశాడు.

"ఆవిడది మొదటి రాపుకే గుచ్చుకునేది. ఈ పద్నాలుగింటిలో ఒక్కటీ గుచ్చుకోలేదు. మిగిలిన అయిదింటిలోనూ ఉండదని తెలుసు."

"ఎలా తెలుసు మావయ్యా?"

"తొమ్మిదో బ్రష్ దగ్గర నువ్వు ధరలు అడగడం మానేశావు."

కారు కాసేపు ఎవరి ఇళ్ళ ముందునుంచో వెళ్ళింది. మామగారు తన నున్నటి చెంప మీద వేళ్ళు పెట్టి, తీసేశారు. "ఇంతమంది బ్రష్షులు తిరిగాక ఆవిడ చెయ్యి ఇంకా ఎక్కడ మిగిలుంటుంది చెప్పు? నాలుగోదానికే పోయింది. ఊరికే ఉండబట్టలేక ఇంకో పది చూశా. అమ్మాయి నా చెయ్యి అలా పట్టుకుని కూర్చుంటే, ఏదో ఒకటి అదేనని చెప్పక తప్పుతుందా? దానికి చెప్పకు."

"చెప్పను."

"నువ్వు కూడా ఇక బాధపడకు. నీ బేరం నువ్వు చేశావు."

గురువారం ఆసుపత్రిలో నర్సు బల్ల ఎక్కించే ముందు ఆయన బుగ్గ నిమిరి ఆశ్చర్యపోయింది. "ఎంత నున్నగా తీశారో! ఆ పెద్దవీధి కొట్టులోనా? మా ఆయన కూడా వెళ్తానంటున్నారు. అంత డబ్బుకు తగ్గట్టు ఉంటుందాండీ?"

ఆమె అడిగింది షావుకారును. అతను జవాబు కోసం కొన్న ధర వెతికాడు, అమ్మిన ధర వెతికాడు, రెండూ దొరకలేదు.

"ఖరీదెక్కువమ్మా" అన్నారు మామగారు బల్ల మీదనుంచి, "ఇంట్లోనే, నీ చేత గీయించుకోమను."