మూడు వందల పన్నెండో పేరు

పదకొండింటికి పై అధికారి వచ్చి, పాత యుద్ధంలో పోయిన పటాలం స్మారక శిల మీది గుడ్డ తీసేలోపు ఇంటికెళ్లి ఇంత తిని రావాలని మ్యూజియం గుమాస్తా పొద్దున్నే అనుకున్నాడు. మొన్నటి యుద్ధ ఫలకం మీద చచ్చినవాళ్లలో నలభై మందిని తక్కువ వేయించాడు. అది ఇంకా దిద్దనే లేదు. ఈసారి అంకె తప్పితే ఉద్యోగం ఊడుతుందని అధికారి ముఖం మీదే చెప్పాడు.

రాయి చెక్కింది గుమాస్తా బావే. ఆయనకో అలవాటుంది. పేరుకో సుద్దచుక్క పెట్టి లెక్క చూసుకోనిదే ఉలి సంచిలో వెయ్యడు. చుక్కలు పెట్టి తల గోక్కున్నాడు.

"ఒరే, పైన మృతులు మూడు వందల పన్నెండని చెక్కించావు. కింద పేర్లు మూడు వందల పదకొండేరా."

"అంకె మార్చెయ్ బావా!"

"రాయంటే పలకనుకున్నావా, ఉమ్మితో తుడవడానికి?"

"అయితే ఓ పేరు కలిపెయ్."

"ఎవరిది? చచ్చినవాళ్లతో పరాచికాలొద్దు."

"పటాలమన్నాక వంటవాడుండడా? వాడి పేరెవడడుగుతాడు! 'వంటవాడు' అని చెక్కెయ్."

బావ చెక్కేశాడు. అధికారి గంట ముందే దిగి, గుడ్డ ఎత్తి చూసి, సరిగ్గా ఆ మాట దగ్గరే ఆగాడు. "భేష్! వంటవాణ్ణి తలుచుకున్నదెవరయ్యా ఇన్నాళ్లూ? ఆయన తాలూకు వాళ్లను పిలిపించు. సభలో ముందు కుర్చీ వాళ్లదే."

కొరివితో తల గోక్కున్నట్టయింది గుమాస్తాకు. మనవడిగా కూర్చోమని బావను బతిమాలి, మంచి చొక్కా వేసుకు రమ్మని తోలాడు. బావ తిరిగొచ్చేసరికి ముందు కుర్చీలో ఎవరో ముసలాయన. ఒళ్లంతా కట్టెపొగ వాసన. పక్కన నిలబడితే మాత్రం ఎముకలు కొరికే చలి.

"వంటవాడికి మీరేమవుతారు?" అని అధికారి అడిగాడు.

"నేనే."

"బతికే ఉన్నారా! అయితే అంకె తప్పేగా?"

గుమాస్తా బావ చాటుకు జరిగాడు.

"తప్పు కాదు బాబూ. ఆ పొద్దున మూడు వందల పదకొండు కంచాలు కడిగి పెట్టాను. తినడానికి ఒక్కడూ రాలేదు. వంట చల్లారిపోతోందని పిలవడానికెళ్లాను." ముసలాయన వెళ్లి రాతి మీది ఆఖరి మాటను వేలితో తడిమాడు. "నాతో పన్నెండు."

అధికారి కళ్లు తుడుచుకుని తలెత్తితే శిల దగ్గర ఎవరూ లేరు. ముందు కుర్చీలో గుప్పెడు బూడిద, ఇంకా వెచ్చగానే ఉంది.

"లెక్కంటే ఇదీ!" అని అధికారి గుమాస్తా భుజం తట్టి, ఉద్యోగం ఖాయం చేసి, మిగతా యుద్ధాల మృతుల లెక్కలన్నీ అతనికే అప్పగించి వెళ్లాడు.

గుమాస్తాకు మొన్నటి ఫలకం గుర్తొచ్చింది. అక్కడ లెక్కలో తప్పిపోయినవాళ్లు నలభై మంది. ఆఫీసులో ఉన్నవి పది కుర్చీలు.