ఎవరిదీ కాని లినక్సు

మంగళవారం పొద్దున టైటస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి చర్చి లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్సు ఎక్కించాలి. ఎనిమిదింటికి దోసెలు తినాలి. తొమ్మిదింటికి తన రొయ్యల మేత కొట్టు తెరవాలి. ఈ మూడింటిలో ఆ రోజు సక్రమంగా జరిగింది దోసెలు తినడం ఒక్కటే, అదీ అవి చల్లారి సాగుతున్నప్పుడు.

సూళ్లూరుపేటకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరి చర్చికి టైటస్ ఎనిమిదేళ్లుగా సెక్రటరీ. సెక్రటరీ అంటే పెద్ద పదవేమీ కాదు. మినిట్సు పుస్తకం రాయాలి, మైకు వైరు చుట్టాలి, ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా ముందు తాను తిట్లు తినాలి. రెండేళ్ల కిందట గోడకు తెర, దానికి ప్రొజెక్టరు వచ్చినప్పటి నుంచి పాటలు చూపించే పని కూడా ఆయన నెత్తినే పడింది. ఇప్పుడు ఆ లాప్‌టాప్‌లోని విండోస్‌కు ఇక అప్‌డేట్లు రావట. కొత్త విండోస్‌కు ఈ పాత లాప్‌టాప్ పనికిరాదట. ఆ సంగతి గుర్తుచేసే డబ్బా ఒకటి ప్రతి ఆదివారం తెర మీద ప్రత్యక్షమై, సరిగ్గా మూడో చరణం మీద కూర్చుంటోంది. భరించలేక, డబ్బు కట్టకుండా పాత లాప్‌టాప్‌లోనూ నడిచే లినక్సుకు కమిటీ తీర్మానం చేసింది. ఏ లినక్సు అన్నది మాత్రం అందులో రాయలేదు. లినక్సు అంటే ఒకటే అనుకున్నారు అందరూ, రాసిన టైటస్‌తో సహా.

తొందరకు కారణం ఉంది. వచ్చే ఆదివారం చర్చికి డెబ్బై అయిదేళ్ల జూబిలీ. నెల్లూరు నుంచి, ఈ చుట్టుపక్కల చర్చిలన్నిటికీ పెద్ద అయిన సూపరింటెండెంటు గారు వస్తున్నారు. ఆ రోజు టైటస్ భార్య రెబెక్కమ్మ రాసిన పాటను సంఘమంతా పాడాలి. దానికోసం ఆవిడ పదకొండేళ్లు ఎదురుచూసింది. ఆ సంఘంలో గోడ గడియారం కొనాలన్నా ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. కొత్త పాట సంగతి చెప్పనే అక్కర్లేదు. పాత పాస్టరు అయ్యగారు "చూద్దాంలేమ్మా" అంటూనే బదిలీ అయిపోయారు. సమాధానం అనే పేరున్న ఇప్పటి అయ్యగారు వచ్చాక గానీ ఆ పాటకు మోక్షం కలగలేదు. అయితే తెర వచ్చాక పాటల పుస్తకాలు తెచ్చుకునే అలవాటు సంఘానికి పూర్తిగా పోయింది. తెర మీద అక్షరాలు కనబడితేనే నోళ్లు తెరుచుకుంటాయి.

రెబెక్కమ్మ ఆ పాటను మేత కంపెనీ క్యాలెండరులో జనవరి కాగితం వెనక రాసుకుంది. టైటస్ దాన్ని లాప్‌టాప్‌లో టైపు చేశాడు. కంప్యూటర్లో ఉంది కదా అని, నెల తిరగ్గానే ఆ కాగితం చింపి దాంట్లో ఎండు చేపలు చుట్టాడు.

లినక్సు ఉన్న పెన్‌డ్రైవు ఇచ్చింది ట్రెజరరు హెన్రీ గారి అబ్బాయి హెబ్రోను. శ్రీహరికోటలో పని. క్యాంటీనులోనే అనుకోండి, కానీ హెన్రీ గారు ఆ ముక్క మింగేసి "మావాడు రాకెట్ల కాడ ఉండాడు" అంటారు. అతనిచ్చిన లినక్సు పేరు ఉబుంటు. టైటస్ పాటల ఫోల్డరును వేరే పెన్‌డ్రైవులో భద్రంగా దాచుకుని పని మొదలుపెట్టాడు. డిస్కు మొత్తం తుడిచేయమంటారా అని అది మర్యాదగా అడిగింది. శుభ్రత మంచిదే కదా అని ఈయన అవునని నొక్కాడు.

అంతా చక్కగా ఎక్కింది. డబ్బా లేదు, నస లేదు. టైటస్ మురిసిపోతూ రెబెక్కమ్మ పాట తెరిచాడు. తెలుగు లేదు. డాలరు గుర్తులు, కొమ్ములు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు, తలకిందులైన ప్రశ్నార్థకాలు నాలుగు చరణాలుగా బారులు తీరి నిలబడి ఉన్నాయి. మిగతా నాలుగు వందల పాటలదీ అదే గతి. వెంటనే హెబ్రోనుకు ఫోను చేశాడు.

"ఏంది నాయనా, పాటలన్నీ ఇట్టా అయిపోయినాయి?"

"మా ఉబుంటులో తప్పుండదు అంకుల్. మీ ఫైళ్లకే ఏందో అయినట్టుండాది. సాంబారు పొంగుతుండాది, మళ్లా చేస్తా" అని హెబ్రోను పెట్టేశాడు.

అదే సమయానికి రెబెక్కమ్మ వంటింట్లోంచి వచ్చింది. "నా పాట ఒకసారి చూపించండి. రెండో చరణంలో ఒక మాట చూసుకోవాల."

టైటస్ లాప్‌టాప్ మూత ఠపీమని వేశాడు. "ఇప్పుడు కదిలించగూడదు. ఇంకా కుదురుకుంటా ఉండాది."

"లాప్‌టాపా, పొదిగే కోడా అది?" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

నిజం చెబితే కాగితం ఏదని అడుగుతుంది. కాగితం అంటే ఎండు చేపలు బయటికొస్తాయి. అందుకని ఆదివారం లోపల తానే గుట్టుగా సరిచేయాలని టైటస్ నిశ్చయించుకున్నాడు. మగవాళ్ల గుట్టు నిశ్చయాలతో ఆ ఊళ్లో బాగుపడిన పని ఇంతవరకు ఒక్కటీ లేదు.

సాయంత్రం స్త్రీల సమాజం అధ్యక్షురాలు కరుణాకుమారి వచ్చింది. ఆవిడకూ హెన్రీ గారికీ పన్నెండేళ్లుగా పడదు. చర్చిలో ఫ్యాన్లు ముందు ఆడవాళ్ల వైపు పెట్టాలా మగవాళ్ల వైపు పెట్టాలా అన్న దగ్గర చెడింది. టైటస్ దాచేలోపలే ఆవిడ లాప్‌టాప్ తెర చూసేసింది.

"ఇది ఎవురు చెప్పినారు?"

"హెన్రీ అన్న వాళ్లబ్బాయి, అక్కా."

"అందుకే గదా ఇట్టా తగలడింది! మా అల్లుణ్ణి అడక్కుండా ఎట్టా చేసినావు? తడ కాడ చెప్పుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లన్నీ మా మాథ్యూనే చూస్తాడు. మింట్ అని ఇంకో లినక్సు ఉండాది, అది వెయ్యి. కండ్లకు పచ్చంగా చల్లంగా ఉంటాది. జూబిలీ భోజనాలు మా ఆడోళ్ల చేతుల్లో ఉండాయి, గుర్తు పెట్టుకో."

భోజనాల మాట ఎందుకొచ్చిందో టైటస్‌కు అర్థమైంది. బుధవారం పొద్దున ఉబుంటు తీసేసి మింట్ వేశాడు. ఆవిడ చెప్పినట్టే పచ్చగా, చల్లగా ఉంది. ఆ పచ్చదనం మీద అవే కొమ్ముల అక్షరాలు ఇంకా స్పష్టంగా కనబడ్డాయి.

మధ్యాహ్నానికల్లా హెన్రీ గారు షామియానా కొలతల కోసం వచ్చారు. వచ్చిన పని వదిలేసి లాప్‌టాప్ వంకే చూశారు.

"మావాడి ఉబుంటు యాడ?"

"తీసేసినా అన్నా. ఊరికే, ఒక ప్రయత్నంగా..."

"ఓహో. రాకెట్ల కాడ ఉండేవాడు చెప్పింది పనికిరాలేదు, చెప్పుల ఫ్యాక్టరీ వాడు చెప్పింది పనికొచ్చిందా? సరేలే టైటసూ. షామియానా నేను తేను. అందురూ ఎండలో కూర్చోండి. సూపరింటెండెంటు గారికి మీ మింట్ చల్లంగా ఉంటాదిలే."

అప్పటికి టైటస్‌కు జ్ఞానోదయమైంది. లినక్సులు కూడా మన సంఘాల లాంటివే. మూలం ఒక్కటే, పేర్లు మాత్రం వందలు. ఒకదాంట్లో ఉన్నవాడు ఇంకోదాని గుమ్మం తొక్కడు. తొక్కిన వాణ్ణి రెండు వైపులవాళ్లూ అనుమానంగా చూస్తారు. దీనికి మందు ఒక్కటే, ఎవరిదీ కాని లినక్సు వేయడం.

గురువారం కొట్టులో కూర్చుని ఫోను డేటాతో ఫెడోరా అనేదాన్ని దించాడు. దాని పేరు ఊళ్లో ఎవరి నోటా విననందుకే దాన్ని ఎంచుకున్నాడు. రొయ్యల గుంటల కాడి నుంచి వచ్చిన చెంచయ్య రెండు బస్తాల మేత అడిగితే, "తొంభై ఆరు శాతం అయింది, ఉండు" అన్నాడు. రొయ్యలు తొంభై ఆరు శాతం ఆగవని చెప్పి చెంచయ్య పక్క కొట్టుకు పోయాడు. ఫెడోరా బ్రహ్మాండంగా ఎక్కింది. పాటలు బ్రహ్మాండంగా చెడిపోయే ఉన్నాయి.

"నా పాట ఈరోజైనా చూపిస్తారా?" అంది రెబెక్కమ్మ మూడోసారి.

"ఆదివారం తెర మీదే చూద్దువుగానీ. ముందే చూస్తే ఏం సంబరం?"

ఆవిడ ఆయన మొహం వంక ఒక నిమిషం చూసి, చేపల పులుసు చూసుకోవడానికి పోయింది. ఆ చూపుకు టైటస్ భయపడాల్సింది. ఆయన మాత్రం గండం గడిచిందనుకున్నాడు.

సాయంత్రానికి హెన్రీ గారు, కరుణాకుమారి కలిసే వచ్చారు. పన్నెండేళ్లలో అదే మొదటిసారి. ఫెడోరా చూసి ఇద్దరూ ఒకేసారి నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"మా మాట కాదన్నా సరే, కనీసం ఆయమ్మ మాటైనా వినాల్సింది" అన్నారు హెన్రీ గారు.

"అన్న చెప్పింది నిజం. పెద్దోళ్లంటే లెక్క లేకుండా పోయింది" అంది కరుణాకుమారి. దాహమేసిన హెన్రీ గారికి ఆవిడే చెంబు అందించింది. షామియానా రాదు, భోజనాలు రావు అని ఏకాభిప్రాయానికి వచ్చి వాళ్లు ఎంతో ప్రశాంతంగా వెళ్లిపోయారు.

శుక్రవారం సమాధానం అయ్యగారు రాజీ కుదర్చడానికి వచ్చారు. టైటస్ వందనాలు చెప్పి, తలుపు దగ్గరగా వేసి, ఎండు చేపలతో సహా మొత్తం ఒప్పేసుకున్నాడు. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. ప్రార్థన చేస్తున్నారేమోనని టైటస్ కూడా తల వంచాడు.

"డెబియన్ వెయ్యి టైటసూ" అన్నారు అయ్యగారు కళ్లు తెరిచి.

"అయ్యగారూ! మీరు గూడానా?"

"సెమినరీలో పాస్టరు చదువు చదివేటప్పుడు వాడినాను. నిదానమైంది, స్థిరమైంది. రెండేళ్లకొకసారి గానీ మారదు. మన సంఘానికి సరిపోతాది. హెన్రీ గారితో, కరుణమ్మతో నేను మాట్లాడతాలే."

సంఘ కాపరి మాట తీసేయడానికి లేదు. శనివారం పొద్దున డెబియన్ వేశాడు. కొమ్ముల అక్షరాలు దాంట్లోనూ స్థిరంగా ఉన్నాయి. అప్పుడు గానీ టైటస్‌కు అసలు మనిషి గుర్తుకు రాలేదు. మొదట్లో ఆ పాటలన్నీ టైపు చేసి ఇచ్చి, టైటస్‌కు కూడా అదే పద్ధతిలో టైపు నేర్పిన సూళ్లూరుపేట డీటీపీ కొట్టు నరేంద్రబాబు. ఫోనులో సంగతంతా చివరిదాకా విన్నాడు నరేంద్రబాబు.

"అన్నా, అవి పాత ఫాంటులో కొట్టిన పాటలు. ఆ ఫాంటు ఉంటేనే తెలుగు కనబడతాది, లేకుంటే అట్టనే ఉంటాది. ఫాంటు మీ విండోస్‌లో ఉండె. అదేమైంది?"

"తుడిచేసినా."

"ఎప్పుడు?"

"మంగళారం. మొదట్లోనే."

"మరి నాలుగు లినక్సులు ఎందుకు మార్చినావన్నా?"

చెప్పు కరిస్తే చెప్పు మార్చుకోవాలి గానీ ఊళ్లు మారితే ఏం లాభం? ఆ సంగతి టైటస్‌కు ఇప్పుడు తెలిసింది. ఫాంటు వెంటనే పంపమని బతిమాలాడు. నరేంద్రబాబు నెల్లూరు అవతల సంగం అనే ఊళ్లో బామ్మర్ది ఇంట్లో ఉన్నాడు. ఫాంటు ఏమో తాళం వేసిన కొట్టులో ఉంది.

"సోమారం పొద్దున్నే పంపిస్తా, నీకెందుకు!" అని ధైర్యం చెప్పాడు.

ఆదివారం షామియానా వచ్చింది. భోజనాలూ వచ్చాయి. సూపరింటెండెంటు గారి ముందు పరువు పోగొట్టుకునేంత కోపం ఎవరికీ లేదు. చర్చి కిక్కిరిసిపోయింది. ప్రసంగం అయింది, కానుకలు అయ్యాయి. "ఇప్పుడు మన సహోదరి రెబెక్కమ్మ గారు రాసిన పాట" అన్నారు అయ్యగారు. డెబియన్‌తోనూ బాగుపడలేదని ఆయనకు చెప్పే ధైర్యం చాలని టైటస్ కళ్లు మూసుకుని మౌసు నొక్కాడు.

ఎనిమిది అడుగుల తెర నిండా కొమ్ములు, డాలర్లు, తలకిందుల ప్రశ్నలు. సూపరింటెండెంటు గారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. సంఘం నోరు తెరిచింది గానీ పాట రాలేదు.

"అన్యభాషలు గోడ మీదికి గూడా వచ్చినాయే! ఆ భాషల్లో ప్రార్థన చేసే సంఘంలోకి మనం ఎప్పుడు మారినాం?" అన్నారు హెన్రీ గారు. ఆయన గుసగుస కూడా మైకు అక్కర్లేనంత గట్టిగా ఉంటుంది.

ఆడవాళ్ల వైపు నుంచి రెబెక్కమ్మ లేచింది. నడిచి వచ్చి లాప్‌టాప్ పక్కన నిలబడింది. పదకొండేళ్ల ఆశను చేజేతులా నాశనం చేశానని టైటస్‌కు నిజంగా ఏడుపొచ్చింది.

"కాగితం యాడ?" అంది మెల్లగా.

"ఎండు చేపలు చుట్టినా."

"తెలుసు. చేపలు విప్పింది నేనే గదా. మంగళారం నుంచి చూస్తా ఉండా, ఎప్పుడు చెప్తారా అని." ఆవిడ ప్రొజెక్టరు ఆపేసింది. "నేను రాసిన పాట నాకు రాదా? ఒక్క మాట అడిగుంటే రాసిచ్చేదాన్ని. అడిగితే మీ సొమ్మేం పోయింది?"

టైటస్ పక్కకు జరిగాడు. ఆవిడ సంఘం వైపు తిరిగింది. "నేనొక ముక్క చెప్తా, మీరనండి" అని గొంతెత్తింది.

"ఆటుపోటుల నడుమ నా పడవ నిలిపితివి, పాత తాడే అయినను తెగనీక పట్టితివి."

మొదటిసారి సగం మందే అందుకున్నారు. రెండోసారికి అందరూ అందుకున్నారు. అందరికంటే గట్టిగా పాడింది వెనక చాపల మీద కూర్చునే ముసలమ్మలు. వాళ్లకు తెర కంటికి ఆనదు, చదువు రాదు. రెండేళ్లుగా వాళ్లు ఒక్క పాటా పాడలేదని ఆ రోజు దాకా ఎవరూ గమనించలేదు. నాలుగో చరణానికి పాట రెబెక్కమ్మ చేతుల్లోంచి జారి సంఘానిదైపోయింది. టైటస్ మౌసు పట్టుకుని నిలబడి, సిగ్గుతోనూ గర్వంతోనూ కళ్లు తుడుచుకుంటూ తప్పుగా పాడాడు.

భోజనాల దగ్గర సూపరింటెండెంటు గారు మెచ్చుకున్నారు. "ఇంత గట్టిగా పాడే సంఘాన్ని ఈ మధ్య చూడలేదు. జనం తెర మీద ఆధారపడకూడదని కావాలనే ఆ గీతలు చూపించినారు కదూ? గొప్ప ఆలోచన."

"కమిటీ తీర్మానమే అయ్యగారూ" అన్నారు హెన్రీ గారు అన్నం కలుపుకుంటూ.

"ఏకగ్రీవంగా" అంది కరుణాకుమారి ఆయనకు ఇంకో ముక్క వడ్డిస్తూ.

సోమవారం నరేంద్రబాబు మాట తప్పకుండా ఫాంటు పంపాడు. నాలుగు వందల పాటలూ ఒక్క క్షణంలో తెలుగులోకి వచ్చేశాయి. సాయంత్రం కమిటీలో టైటస్ ఆ శుభవార్త చెబితే ఎవరూ తలెత్తి చూడలేదు. హెన్రీ గారు ఉబుంటు ప్రతిపాదించారు, కరుణాకుమారి మింట్ ప్రతిపాదించింది, అయ్యగారు మొహమాటపడుతూనే డెబియన్ ప్రతిపాదించారు. దేన్నీ బలపరచేవాళ్లు లేరు. గంటన్నర తర్వాత టైటస్ మినిట్సు పుస్తకం తెరిచి, తన చేత్తోనే, తన భార్య పేరులో తప్పు పోకుండా జాగ్రత్తగా రాశాడు.

"సంఘపు లాప్‌టాప్‌లో ఏ లినక్సు ఉండవలెనో వచ్చే సమావేశమున చర్చించుటకు, అంతవరకు రెబెక్కమ్మ గారిని వాడుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."