పాలపిట్ట వాలిన పొద

దసరా నాటి పొద్దుకు సారంగపాణి వేసుకున్న పథకంలో లోపం వెతకడం ఎవరివల్లా కాదు. కనీసం సారంగపాణి వల్ల కాలేదు. ఇంటి వెనక చెల్కలో, మోటారు షెడ్డు దగ్గర కరెంటు తీగ ఉంది. ఎండ పొడ తగలగానే ఆ తీగ మీదికి రోజూ ఒక పాలపిట్ట వచ్చి కూర్చుంటుంది. తీగకు ఎదురుగా తను స్టూలు వేసుకుని, నెత్తి మీదుగా గ్రీన్ నెట్ కప్పుకుని, దానికి కంది కొమ్మలు గుచ్చుకుని పొదలా కూర్చుంటాడు. పిట్ట వస్తుంది, బటన్ నొక్కుతాడు, లోపలికెళ్లి వేడివేడి గారెలు తింటాడు.

వరంగల్ మార్కెట్లో అతనిది తాతల నాటి కిరాణా దుకాణం. ధర్మసాగర్ ఊరవతల ఇల్లు కట్టుకునేదాకా అతను గుర్తుపట్టగలిగిన పక్షి కోడి ఒక్కటే. హనుమకొండలో స్టూడియో నడిపే పక్కింటి ఇర్షాద్ తన పాత కెమెరా చేతికిచ్చి, ఎలా పట్టుకోవాలో నేర్పాడు. అప్పటినుంచి దుకాణం ఎప్పుడు తెరుచుకుంటుందనేది పిట్టల దయ.

ఈ ఏడు హనుమకొండలో ప్రకృతి ప్రేమికులు కొందరు పోటీ పెట్టారు. ఒకే ఇంటి చుట్టూ ఆరు ఋతువుల్లో, ఆ ఇంటివాళ్లే తీసిన ఆరు ఫొటోలు కావాలి. ఎంపికైనవాటిని ప్రదర్శనలో గోడకు తగిలిస్తారు. ఐదు సిద్ధంగా ఉన్నాయి. మోదుగుపువ్వులో ముక్కు దూర్చిన తేనెపిట్ట వసంతానికి. కుడితి తొట్టి అంచున నీళ్లు తాగుతున్న ముంగిస గ్రీష్మానికి. వర్షాకాలానికి ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగు; దానికోసం పొలం గట్టున బోర్లా పడుకుంటే, ఎవరో మనిషి పోయాడనుకుని దారినపోయేవాళ్లు అంబులెన్సుకు ఫోన్ చేశారు. హేమంతానికి మంచు పట్టిన సాలెగూడు, శిశిరానికి ఆకు రాలిన ఇప్పచెట్టు తొర్రలో గుడ్లగూబ. ఇక మిగిలింది శరత్తు. పంపడానికి గడువు దసరా సాయంత్రం.

అంతకన్నా గట్టి గడువు ఇంట్లోనే ఉంది. భార్య కళావతి వారం కిందటే తేల్చి చెప్పింది.

"ఈసారి మీ ఫొటోలు అక్కడి గోడకెక్కితె సరే. లేకపోతె కెమెరా ఇర్షాద్ అన్నకు వాపస్. అందరి లెక్క పొద్దుగాల లేసి దుకాణం తెరువుండ్రి."

"ఎక్కుతయి. గోడ సాలదు చూడు," అన్నాడు సారంగపాణి.

అన్నాడు గానీ లోపల భయమే. కెమెరా లేని పొద్దు ఎలా ఉండేదో అతనికి గుర్తులేదు, గుర్తు తెచ్చుకోవాలనీ లేదు.

ఇంత జాగ్రత్తపరుడు ఒక్క పొరపాటు చేశాడు. ముందురోజు దుకాణంలో తూకం వేసే తరాజుకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తుండగా, సుబేదారి నుంచి వచ్చిన బామ్మర్ది హరీష్‌తో గొప్పలకు పోయాడు.

"మీరు పాలపిట్ట కోసం పెట్రోలు పోసుకొని ఊర్లన్నీ తిరుగుతరు. నాకైతె రోజు ఇంటికే వస్తది, టైముకు."

దసరా నాడు పాలపిట్ట కంటపడితే ఏడాదంతా కలిసొస్తుందని నమ్మేవాళ్లతో, దసరాకు ఒక్కరోజు ముందు, అనాల్సిన మాట కాదది.

తెల్లవారింది. సారంగపాణి పొదలో సర్దుకుని, తీగ మీదికి గురిపెట్టి, ఊపిరి బిగబట్టాడు. ఇంటి ముందు కారు ఆగింది. జేబులోంచి ఫోన్ తీసి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"కళా, ఎవరిదా కారు?"

"మా తమ్ముడు, మరదలు శ్రీలత. శ్రీలత వాళ్ల అమ్మను గూడ తోల్కొచ్చిండ్రు. పాలపిట్టను చూస్తరట."

"ఎనుకకు పంపు."

"పండుగ పూట ఇంటికొచ్చినోళ్లను ఎట్ల పంపుత? మీరు పొదల కూసోండ్రి, నేను చాయ పెడుత."

ఒక్క కారుతో ఆగితే కథే లేదు. హరీష్ తన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాత్రే పెట్టేశాడు, బావ ఇంట్లో పాలపిట్ట ఉందని, పార్కింగు కూడా ఉందని. కార్లు వచ్చాయి, స్కూటర్లు వచ్చాయి. ఇన్ని బండ్లు ఎందుకు పోతున్నాయో చూద్దామని ధర్మసాగర్ జనం వచ్చారు. ఇంత జనం ఉన్నచోట బేరం బాగుంటుందని మిర్చిబజ్జీల బండి వచ్చింది. ఇర్షాద్ గేటు బయటికి వచ్చి ఒకసారి చూసి, ఎవరూ అడగకుండానే బండ్లు పెట్టించే పని మీదేసుకున్నాడు. సారంగపాణి అతనికి ఫోన్ చేశాడు.

"ఇర్షాద్, నా ఫొటో పాయె. జర అందరిని పంపియ్యి."

"పంపెతట్టు లేదు సేటూ. ఎనుక మినీ బస్సు గూడ వస్తాంది."

"బస్సా?"

"ఫికర్ చెయ్యకు. దానికి గూడ జాగ చూసిన."

జనమంతా చెల్కలోకి దిగి సరిగ్గా తీగ కింద నిలబడ్డారు. శ్రీలత తల్లి చిలుకమ్మకు మోకాలి ఆపరేషనైంది, ఆమెకు కుర్చీ వేశారు. శ్రీలత చేతిలోని హ్యాండ్‌బ్యాగు ఎక్కడ పెట్టాలా అని చూసి, దగ్గర్లో ఉన్న పొదకు తగిలించింది. సారంగపాణికి లోకం నల్లబడింది. కళ్లు చికిలించి చూస్తే జిప్పు కనబడింది. వేలితో బ్యాగును మెల్లగా కిందికి తోశాడు. శ్రీలత దుమ్ము దులిపి మళ్లీ అక్కడే తగిలించింది. అరుద్దామంటే పిట్ట వచ్చే వేళ. అరవకుండా ఉందామంటే అసలు పిట్ట వస్తే చూసేదెలా? మూడోసారి తోసేసరికి ఆమెకే విసుగొచ్చి బ్యాగు భుజానికేసుకుంది.

"అక్కా, బావ ఏడి?" హరీష్ అడిగాడు.

"ఏడనో ఉంటడు తీ," అంది కళావతి. పొదలో ఉన్నాడని చెబితే అందరూ పొద చుట్టూ చేరుతారని ఆమె భయం.

ఎండ పొడ తీగ మీద పడింది. హరీష్ చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టాడు. బజ్జీల నూనె చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. తీగ మీదికి పిట్ట రాలేదు. రెండు నిమిషాలకు జనంలో గుసగుస లేచి, అంతలోనే చప్పున ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే సారంగపాణి నడినెత్తిన ఏదో ఆనింది. నెట్ సందులోంచి గోళ్లు దిగాయి. ఫోన్ వణికింది.

"కదలకుండ్రి," అంది కళావతి గుసగుసగా.

"ఎందుకు?"

"వచ్చింది."

"ఏడ? తీగ మీద లేదు గదా."

"తీగ కింద ఇంతమంది ఉంటే ఎట్ల కూసుంటది? మీ నెత్తి మీద ఉన్నది," అని ఫోన్ పెట్టేసింది.

కెమెరా ముందుకు చూస్తోంది, పిట్ట పైన ఉంది. అంత జనమూ దండం పెడుతూ తన వైపే తిరిగి ఉన్నారు. తల కొంచెం విదిలిస్తే చాలు, పిట్ట లేచి ఎదురుగా ఏ స్తంభం మీదో వాలుతుంది. వెలుగు ఇంకా బంగారంలా ఉంది, ఫొటో ఇంకా దక్కుతుంది. ఏడాది పొడుగునా ఎదురుచూసిన ఫొటో అది. విదిలిద్దామనే నిశ్చయించుకున్నాడు కూడా.

"నాలుగేండ్లాయె బిడ్డా సూడక," అంటోంది చిలుకమ్మ. "ఇగ ఈ జన్మల సూడననుకున్న."

సారంగపాణి తల ఆగిపోయింది. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ముక్కు మీదికి దోమ కూడా వచ్చింది. అతను మాత్రం కదలలేదు. పాలపిట్ట తీరిగ్గా నాలుగు దిక్కులూ చూసుకుని, ఈకలు సర్దుకుని, నీలి రెక్కలు విప్పి ఎగిరిపోయింది. జనమంతా "అబ్బ" అన్నారు. సారంగపాణికి ఆ "అబ్బ" ఒక్కటే దక్కింది.

అతను లేచి నిలబడ్డాడు. పొద లేచి నిలబడేసరికి ముందువరుస వాళ్లు వెనకవాళ్ల మీద, వెనకవాళ్లు బజ్జీల బండి మీద పడ్డారు. బస్సులో వచ్చినవాళ్లు తిరిగి బస్సులోకే పరుగెత్తారు. గొడవ సద్దుమణిగాక, నెట్ తీశాక బావను గుర్తుపట్టిన హరీష్, అతని చేతిలో జమ్మి ఆకు పెట్టి కౌగిలించుకున్నాడు.

"ఏం దర్శనం చేయించినవ్ బావా."

అందరూ వెళ్లాక సారంగపాణి వరండాలో కూలబడి, కెమెరా సంచి జిప్పు పెట్టి ఇర్షాద్ ముందుకు జరిపాడు.

"తీస్కపో. నాతోని కాలే."

ఇర్షాద్ సంచి ముట్టుకోలేదు. కళావతి తన ఫోన్‌లో ఏదో చూసి ముసిముసిగా నవ్వుకుంటుంటే, "ఏంది భాభీ?" అని అందుకున్నాడు. కళావతి పొద వెనక నుంచి తీసిన ఫొటో అది: పచ్చటి పొద, పొద మీద రెక్కలు విప్పబోతున్న పాలపిట్ట, వెనక కుర్చీలో చేతులు జోడించిన చిలుకమ్మ, ఆమె చెంప మీద ఎండ. ఇర్షాద్ ఫోన్‌ను సారంగపాణి ముందు పెట్టాడు.

"సేటూ, ఇది పంపు."

"అది నేను తియ్యలే గదా."

"ఇంటోళ్లు తియ్యాలె అన్నరు. భాభీ ఇంటామె కాదా?"

"మరి నేను? నేను కనపడనే లేదు అండ్ల."

"కనపడకుంటనే బాగున్నవ్."

దీపావళి దాటాక హనుమకొండలో ప్రదర్శన పెట్టారు. ఆరు ఫొటోలూ గోడకెక్కాయి. ఐదు లోపలి గోడకు వరసగా ఉన్నాయి. కళావతి తీసింది మాత్రం తలుపంత సైజులో గుమ్మం దగ్గరే ఉంది. సారంగపాణి దాని ముందు కాసేపు నిలబడ్డాడు. కడుపు మండింది, గర్వమూ కలిగింది. రెండిట్లో ఏది ఎక్కువో అతనికే తెలియలేదు.

"కెమెరా మీతాన్నే ఉండనీయుండ్రి," అంది కళావతి పక్కన నిలబడి. "నాకు ఫోను సాలు."

నిర్వాహకులు అతన్ని వేదిక మీదికి పిలిచి మైకు ఇచ్చారు. "పాలపిట్ట అంత దగ్గరికి వచ్చింది కదా సార్, ఎలా ఉందో చెప్పండి," అన్నారు. సారంగపాణి గొంతు సవరించుకుని, ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు.

"నూటయాభై గ్రాములుంటది. అటొక్క గ్రాము ఇటొక్క గ్రాము."

ఆ దసరాకు పాలపిట్టను చూసినవాళ్లు చాలామందే ఉన్నారు, తూచినవాడు మాత్రం సారంగపాణి ఒక్కడే.