ఏడు కోట్ల చిల్లర ఫిర్యాదు

లిఫ్టు బాగుకావడం ఎవరికైనా జరుగుతుంది. అందులో గొప్పేముంది? మంచి కంప్లైంట్ నంబరు దొరకాలంటే మాత్రం పెట్టి పుట్టాలి!

ఆ భాగ్యం మన కాలమిస్టుగారికి దక్కింది. అంటే, ప్రతివారం ఈ జాగాను ఏదో ఒకటి రాసి నింపే పెద్దమనిషికే! కాపురం ఐదో అంతస్తులో. లిఫ్టు కదలక వారం దాటింది. కంపెనీవాళ్లు మనిషిని పంపలేదు గానీ నంబరు పంపారు: 7,39,39,133.

లెక్కల పరీక్ష అంటే జ్వరం తెచ్చుకుంటూ పెరిగిన మనిషి ఆయన. రాయడానికి విషయం దొరక్క, ఊసుపోక ఆ నంబరును కంప్యూటర్‌లో కొట్టి చూశారు. చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అది ప్రధాన సంఖ్య! ఒకటీ, తనూ తప్ప ఇంకే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించలేదు. అంతేనా? చివరి అంకె కొట్టేస్తే మిగిలిందీ ప్రధాన సంఖ్యే. మళ్లీ కొట్టేయండి, మళ్లీ అంతే! అలా తోక కోసుకుంటూ పోతే ఆఖరికి మిగిలే ఏడు కూడా ఆ వంశంలోదే. ఈ లక్షణమున్న సంఖ్యల్లో ఇంతకంటే పెద్దది లేనే లేదట!

పాఠకులారా, ఇలాంటి నంబరు చేతికొచ్చాక లిఫ్టు ఎక్కాలని ఎవరికి బుద్ధి పుడుతుంది?

ఆయన అత్తగారికి పుట్టింది. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి. ఆవిడ చెల్లెలు ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. సాయంత్రం బండెక్కేలోగా ఆమెను ఒక్కసారి చూడాలని, పొద్దున్నే తయారై గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆ నంబర్ని ముద్దుచేసింది చాలు. ఫోన్ చేయండి, అమ్మ ఎదురుచూస్తోంది," అంది భార్య.

చేశారు. కాల్‌సెంటర్ అమ్మాయి "మీ కంప్లైంట్ నంబర్ చెప్పండి సర్" అనడమే తడవు, ఆయన నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ప్రధాన సంఖ్యలు, తోక కోతలు, వంశగౌరవం... లిఫ్టు సంగతి తప్ప అన్నీ చెప్పారు.

"అంటే మా నంబర్ మీకు బాగా నచ్చిందా సర్?"

"నచ్చడమేమిటమ్మా! జన్మ ధన్యమైంది!"

"థాంక్యూ సర్. కస్టమర్ సంతృప్తి చెందారని రాసి, కంప్లైంట్ క్లోజ్ చేస్తున్నాను."

"అయ్యో, మరి లిఫ్టు?"

"దానికి మళ్లీ కంప్లైంట్ ఇవ్వాలి సర్. కొత్త నంబర్ పంపిస్తాను."

వచ్చింది. చివర నాలుగు. సరిసంఖ్య! కాలమిస్టుగారి మొహం మాడిపోయింది.

"ఇదేం నంబరే! చంటిపిల్లాడైనా రెండుతో భాగించేస్తాడు."

"అయితే భాగించండి," అంది భార్య. "కుర్చీకి అటువైపు మీరు, ఇటువైపు నేను. పట్టండి!"

అక్కాచెల్లెళ్లు బండి కదిలేలోపు కలుసుకున్నారు లెండి. కానీ అంతకుముందు, మూడో అంతస్తు మెట్ల మీద, అత్తగారి బరువుకి నడుము పట్టేసి, కాలమిస్టుగారు భవనం దద్దరిల్లేలా అరిచారు.

"వారమైంది! నంబర్లు పంపడానికి తీరిక ఉంది గానీ, ఒక్క మెకానిక్‌ని పంపడానికి లేదా వీళ్లకి?"

అత్తగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, మెల్లగా అంది:

"ఈ ముక్కేదో ఇందాక ఫోన్‌లో అనాల్సింది బాబూ."