ఏడాదికో మణుగు

ఆ ఆదివారం చంద్రశేఖరం వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఏడు గంటలకు రాయగడలో బయలుదేరాలి, కొండదారి ఘాటీ ఎక్కాలి, జగ్గారావు కారుకన్నా ముందు కొరాపుట్‌లోని తన కొట్టు ముందు తన కారు ఆపాలి. ముందు ఆపితే కారు మిగులుతుంది. ఆపలేకపోతే పోతుంది.

పోవడమంటే నిజంగానే పోవడం. అది ముప్ఫై నాలుగో సంవత్సరపు మోడలు. ఇప్పుడు నడుస్తున్నది యాభై తొమ్మిది. ఉప్పు, చింతపండు టోకు వ్యాపారంలో ఏనాడూ తప్పటడుగు వెయ్యని చంద్రశేఖరం ఆ ఒక్క కారు దగ్గర మాత్రం లెక్క మరిచిపోతాడని ఊళ్ళో అందరికీ తెలుసు. అందరికన్నా బాగా భార్య కమలాంబకు తెలుసు.

"ఇది సరుకు మొయ్యదు, మనల్ని మొయ్యదు, మనమే దీన్ని మొయ్యాల" అని ఆవిడ పదిరోజుల క్రితం తేల్చేసింది. "పందెంలో గెలిస్తే ఉంచుకోండి. ఓడితే అక్కడికక్కడే సోములికి అప్పజెప్పేస్తాను."

సోములు కొరాపుట్‌లో పాత ఇనుము కొనేవాడు. కమలాంబ మాటంటే మాటే. శనివారం బస్సుకే కొరాపుట్ వెళ్ళిపోయి, ఆదివారం మధ్యాహ్నానికి కొట్టు అరుగు మీద సోములు హాజరుండేలా కబురు కూడా పెట్టింది.

ఇక పందెం సంగతి. రాయగడ మోటారు సరదా సంఘానికి సభ్యులు ముగ్గురు. చంద్రశేఖరం ఒకడు. ఆయన తోడల్లుడు, బట్టల కొట్టు జగ్గారావు రెండోవాడు. అతనిది యాభై ఆరో సంవత్సరపు మోడలు. మూడోవాడు అప్పలనరసింహం. నలభై ఏళ్ళు గూడ్సు షెడ్డులో కాటా వేసిన మనిషి. ఆయనకు కారు లేదు కనక ఆయనే న్యాయమూర్తి.

కిందటేడు పందెంలో జగ్గారావు కొరాపుట్ చేరి, భోంచేసి, ఒక కునుకు తీసి లేచేసరికి చంద్రశేఖరం కారు వచ్చింది. అందుకని ఈ ఏడు చంద్రశేఖరం ఒక రూలు తెచ్చాడు. కొత్త కారు పాత కారుకన్నా ఎన్నేళ్ళు చిన్నదైతే అన్ని మణుగుల బరువు మోయాలి. కొరాపుట్‌లో మళ్ళీ తూచినప్పుడు బరువు పెరిగితే పరవాలేదు, ఒక్క వీశె తగ్గినా ఓడినట్టే. ముప్ఫై నాలుగు నుంచి యాభై ఆరుకు ఇరవై రెండేళ్ళు. ఇరవై రెండు మణుగులంటే మూడు బస్తాల పైచిలుకు.

"అలాగేలే అన్నయ్యా. నాగావళిలో రాళ్ళేరి ఏసుకుంటాను" అన్నాడు జగ్గారావు.

"రాళ్ళెందుకు తమ్ముడూ? నా ఉప్పు బస్తాలున్నాయి కదా. బరువు బరువే."

ఆ మాట వెనక ఇంకో లెక్క ఉంది. దారిలో కల్వర్టు కుంగి, మూడు వారాలుగా సరుకు లారీలను ఆపేశారు. బస్సయితే జనాన్ని దింపి, ఖాళీగా దాటి, అవతల ఎక్కించుకుంటోంది. కొరాపుట్ కొట్లో ఉప్పు నిండుకుంది. ఘాటీ ఎక్కే బండి ఖాళీగా ఎక్కకూడదన్నది చంద్రశేఖరం తాతల నాటి సూత్రం. తోడల్లుడి కారు ఎక్కుతోంది కనక తోడల్లుడి కారు మోస్తుంది. పందెం గెలవడం, ఉప్పు చేరడం, రెండూ ఒకే ఖర్చులో.

కానీ పొద్దున్నే గూడ్సు షెడ్డు కాటా దగ్గర జగ్గారావు బస్తాలకేసి కాక, పాత కారు ముందు భాగానికేసి చూశాడు.

"ఒక్కసారి మూత ఎత్తన్నయ్యా. ఈ ఇంజను ఎప్పటిది?"

చంద్రశేఖరం దగ్గాడు. "ఇంజనా? అది... మిలట్రీవోళ్ళు ఏలం ఏసినప్పుడు..."

"నలభై ఆరు" అన్నాడు అప్పలనరసింహం. "దాన్ని తూసింది నేనే."

"గేరుబాక్సు?"

"యాభైలో లారీది ఏయించేను. దానికేటిప్పుడు?"

"సక్రాలో?"

చక్రాలు యాభై నాలుగువి. ముప్ఫై నాలుగుదంటూ మిగిలింది పైనున్న రేకుల డొల్ల ఒక్కటే. అప్పలనరసింహం కాటా పలక మీద సుద్దముక్కతో నాలుగు అంకెలూ వేసి, కూడి, నాలుగు పెట్టి భాగించాడు.

"సగటున ఈ కారు నలభై ఆరో సంవత్సరపుది బాబూ" అని తీర్పు చెప్పాడు. "తేడా పదేళ్ళే."

పన్నెండేళ్ళ వయసు ఒక్క సుద్దగీతతో పోగొట్టుకున్న కారును చంద్రశేఖరం దిగులుగా చూశాడు. ఆ మీదట ఆయనలో వ్యాపారి లేచాడు. "అయితే నడిపేవోళ్ళ తేడా కూడా సూడాల. నేను లావు, ఆడు సన్నం" అన్నాడు. ఇద్దరూ కాటా ఎక్కారు. చంద్రశేఖరం ఎనిమిది, జగ్గారావు అయిదు. ఆ మూడు కలిపి జగ్గారావు మోయాల్సింది పదమూడు మణుగులని తేలింది.

"మరి మీరో?" అన్నాడు జగ్గారావు. అప్పలనరసింహం న్యాయం కోసం సగం దారి పాత కారులో, సగం దారి కొత్త కారులో రావాలని ముందే ఒప్పందం.

"న్యాయమూర్తికి బరువుండదు" అన్నాడాయన, కండువా దులుపుకుంటూ.

జగ్గారావు కారులోంచి దింపేసిన ఉప్పు తొమ్మిది మణుగులు కాటా పక్కన మిగిలింది. రూలు ప్రకారం పాత కారు ఏమీ మోయక్కర్లేదు. చంద్రశేఖరం స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. దిగాడు. మళ్ళీ కూర్చున్నాడు. కొరాపుట్‌లో ఖాళీగా ఉన్న ఉప్పు కొట్టు కళ్ళలో మెదిలింది. మళ్ళీ దిగి, ఎవరూ అడగని ఆ తొమ్మిది మణుగులూ తన వెనక సీట్లో తనే వేసుకున్నాడు.

దానితో పందెం మొదలవుతూనే ఇద్దరి బరువులూ ఇంచుమించు సమానమైపోయాయి. కొత్త కారు ముందు, పాత కారు దాని దుమ్ములో. అయితే ఘాటీకి ముందున్న సంత దగ్గరకొచ్చేసరికి చంద్రశేఖరానికి కనులపండువ అయింది. కొత్త కారు ఆగిపోయి ఉంది. చుట్టూ బుట్టలతో, గంపలతో కొండ మీది ఆడవాళ్ళు. మూడు వారాలుగా ఉప్పు రాని సంతలో కారు కిటికీలోంచి ఉప్పు బస్తా కనబడింది. ఇంకెవరు కదలనిస్తారు?

"అమ్ముకోనీండి. బరువు తగ్గితే ఓటమే" అని చంద్రశేఖరం నవ్వుకుంటూ పక్కనుంచి దాటిపోయాడు. అరమైలు పోయాక పక్కన కూర్చున్న అప్పలనరసింహం నెమ్మదిగా అన్నాడు.

"ఉప్పు గుట్టగా పోస్తన్నాడు బాబూ."

"ఎవరు?"

"జగ్గారావు బాబు. కుంచం మీద శిఖరం కట్టి మరీ పోస్తన్నాడు. కళ్ళారా సూసేను."

కారు ఒక్క కుదుపుతో ఆగింది. జగ్గారావు బట్టల కొట్టువాడు. మూర కొలిచాక జానెడు కొసరు వదలడం అతని చేతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఉప్పు కొలిచే చెయ్యి వేరు. పైగా పోస్తున్న ఉప్పు చంద్రశేఖరానిది. చంద్రశేఖరం కారు వెనక్కి తిప్పాడు.

"జగ్గా! ఏటా కొలత? ఉప్పనుకున్నావా, ఇసకనుకున్నావా?"

"దారియ్యట్లేదన్నయ్యా" అన్నాడు జగ్గారావు, మోచేతి దాకా ఉప్పుతో. "ఒక కుంచం ఇచ్చి పోదారనుకున్నాను. ఊరికే పుచ్చుకోరంట, బుట్టెడు సింతపండు నా వొళ్ళో కుమ్మరించేరు. ఆ మీదట అందరూ వచ్చేరు. ఏటి సెయ్యమంటావు?"

చంద్రశేఖరం కుంచం లాక్కున్నాడు. నింపి, ముంజేతితో అడ్డంగా గీసి, నున్నగా చదును చేసి ముందున్న మనిషి వైపు చాచాడు. ఆవిడ పేరు సుక్రి. నడివయసు మనిషి, సంతలో అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. ఆవిడ చింతపండు బుట్టను ఒళ్ళోకి లాక్కుంది.

"ఆ బాబు కొలిసినట్టు కొలు సాహుకారు."

"ఆ బాబుకి కొలత రాదు."

"రానోళ్ళ కొలతే మాకు బాగుంది. నువ్వు సేత్తో గీస్తే నా సింతపండు నా బుట్టలోనే ఉంటాది."

అందరూ ఘొల్లుమన్నారు. జగ్గారావు కూడా నవ్వాడు. చంద్రశేఖరం సుక్రి మొహం చూశాడు, బుట్టలోకి చూశాడు. కొత్త పంట. ఈనె లేదు, గింజ లేదు, రంగు తేనెలా ఉంది. ఇంత మేలు సరుకు ఇంకో నెల దాకా రాయగడలో గానీ కొరాపుట్‌లో గానీ ఎవడి కొట్టుకీ రాదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయన చెయ్యి కుంచం మీద గుట్ట కట్టింది.

తరవాత పందెం ఏమైందో ఆయనకు గుర్తులేదు. ఒక బస్తా అయిపోతే ఇంకో బస్తా మూతి విప్పాడు. జగ్గారావు కారులోది అయిపోతే తన కారులోది దింపాడు. "ఇలా రా అమ్మి, నీదెంత? ఆ బుట్టలో అడుగున తడుంది, తీసి పక్కనెట్టు" అంటూ, ఎండ నడినెత్తికి వచ్చేదాకా తల ఎత్తలేదు. ఎత్తేసరికి ఇరవై రెండు మణుగుల ఉప్పూ చెల్లిపోయింది. చెట్టు కింద నలభై మణుగుల చింతపండు కొండలా ఉంది.

జగ్గారావు అప్పటికే తను మోయాల్సిన బరువుకు సరిపడా చింతపండు కారులోకి ఎత్తించుకున్నాడు. అప్పలనరసింహం ఒక్కో గంపా చేత్తో ఎత్తి చూసి పదమూడు మణుగులకు పైన రెండు వీశెలని చెప్పి, సగం దారి అయింది కనక కొత్త కారులో ఎక్కి కూర్చున్నాడు.

"మిగిలింది నీ సరుకన్నయ్యా" అన్నాడు జగ్గారావు. "ఉన్న మాట సెప్తున్నాను. అదిక్కడ ఒదిలేసి, ఖాళీ బండితో రా. నువ్వే గెలుస్తావేమో."

"నేను సూస్తాను సాహుకారు. పైవారం తీసుకెల్లు" అంది సుక్రి.

ఆవిడ మాట మీద చంద్రశేఖరానికి అనుమానం లేదు. ఉన్న అనుమానమల్లా తన మీదే. వారం రోజులు ఆ చింతపండును తలుచుకుంటూ నిద్రపోగలడా? ఒక పక్క పాతికేళ్ళ కారు, ఒక పక్క ఇరవై ఏడు మణుగుల కొత్త పంట. కొత్త కారు హారను కొట్టి ఘాటీ మలుపు తిరిగింది. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. చివరికి నిట్టూర్చి, "ఎత్తండి" అన్నాడు.

వెనక సీటు నిండింది. కాళ్ళ దగ్గర నిండింది. పక్క సీటు నిండి, గేరు కర్ర ఒక గంపలో కూరుకుపోయింది. పాత కారు మొదటి మలుపులో మూలిగి, రెండో మలుపులో పొగలు కక్కి, ఆ తరవాత ఏ ఆశా పెట్టుకోని మనిషిలా నిదానంగా ఎక్కడం మొదలెట్టింది. లారీ గేరుబాక్సుకు బరువు కొత్తకాదు. మిలటరీ ఇంజనుకు ఘాటీ కొత్తకాదు. ఎక్కడా ఆగలేదు. ఆగితే బాగుండునని చంద్రశేఖరం రెండుసార్లు అనుకున్నాడు. కొరాపుట్‌లో సోములు మొహం చూడ్డం కాస్త ఆలస్యమయ్యేది.

నాలుగు గంటలకు కొట్టు ముందు ఆగేసరికి జగ్గారావు మంచం మీద గురకపెడుతున్నాడు. అతని చింతపండు తూచేశారు, గెలుపు చదివేశారు. అరుగు మీద సోములు గొలుసుతో, ఇద్దరు మనుషులతో సిద్ధంగా ఉన్నాడు. కమలాంబ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఓడిపోయేను" అన్నాడు చంద్రశేఖరం, దిగడానికి చోటు లేక లోపలినుంచే.

కమలాంబ వచ్చి తలుపు లాగింది. గంపెడు చింతపండు ఆవిడ పాదాల మీద జారిపడింది. ఒక రెబ్బ తీసి నోట్లో వేసుకుంది.

"కొత్తదా?"

"కొత్తదే."

"ఎంతుంటాది?"

"ఇరవై ఏడు మణుగులు."

"దీంతోనే ఘాటీ ఎక్కేరా? దారిలో ఎక్కడ ఆగిపోయింది?"

"ఎక్కడా ఆగనేదు" అన్నాడు చంద్రశేఖరం. చెప్పాక ఆ సంగతి ఆయనకే కొత్తగా వినిపించింది.

కమలాంబ కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. లారీలు ఇంకా ఎన్నాళ్ళు రావో, సంతలు వారానికి ఎన్నో, పెదవులు కదుపుతూ లెక్కవేసింది. ఆ మీదట అరుగు వైపు తిరిగింది.

"సోములూ, నువ్వెల్లు. ఇది అమ్మం."

చంద్రశేఖరం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పులుపు వల్ల కాదు. పదిరోజుల భారం ఒక్కసారి దిగిపోయింది. "నాకు తెలుసు కమలా, దీని విలవ నీకూ తెలుస్తాదని" అన్నాడు.

"తెలవకేటండీ" అంది కమలాంబ. "రేపే వెనక సీటు పీకించెయ్యండి. ఇంకో పది మణుగులు పడతాది."

సోమవారం వెనక సీటు పోయింది. మరుసటి వారం ముందు సీట్లో సగం పోయింది, మిగిలిన సగంలో పట్టే సన్నటి డ్రైవరును కమలాంబ వెతికి పెట్టింది. ఆ వేసవంతా కారు ఒక్క సంత కూడా తప్పలేదు. చంద్రశేఖరమూ తప్పలేదు, ఆయన బస్సులో వెళ్ళేవాడు.