స్వామి పటం వెనక కాగితం

...అయినా ఐదింటికి లేవడమంటే సరిగ్గా ఐదుకేనా, ఐదూ యాభై దాకా దాన్ని ఐదే అనుకోవచ్చా అని మాధురి దుప్పటిలో ఆలోచిస్తోంది. కాలేజీకి వేసవి సెలవులివ్వగానే మూడు లక్ష్యాలు రాసుకుంది: ఐదింటికి లేవడం, తీపి మానడం, మడ అడవుల్లో నెల రోజులు. మూడోది నాగాయలంక దగ్గర బోటనీ విద్యార్థులకు పెట్టిన సర్వే. ఫోన్‌లో ఫారం నింపి పది రోజులైంది, ఇంకా పంపలేదు. పంపితే నాన్నకు చెప్పాలి. ఆయన సోమవారం నుంచి గుడివాడలో బ్యాంకు కోచింగ్ అన్నాడు. పంపనంతకాలం అడవి ఆమెదే: నీళ్లలోంచి లేచిన వేళ్లు, వాటి మధ్య వెలుతురు, పడవలో తను.

ఎవరూ కదపరని ఆ లక్ష్యాల కాగితాన్ని సుబ్రహ్మణ్యస్వామి పటం వెనక దాచింది. ఆ ఉదయమే తల్లి విజయలక్ష్మి పటం తుడుస్తుంటే అది చేతికొచ్చింది.

"ఎప్పుడు మొక్కుకున్నావే ఇవన్నీ?"

"మొక్కు కాదమ్మా, అవి..."

"స్వామి వెనక పెట్టి కాదంటావేంటి? లెంపలేసుకో."

మాధురి వేసుకుంది. నిజం చెప్పడం కన్నా అదే తేలిగ్గా ఉంది.

గుడివాడ నుంచి మేనత్త కనకదుర్గ ఫోన్‌లో తీర్పు చెప్పింది. "పిల్ల మొక్కితే ఇంటిల్లిపాదీ పాటించాలి వదినా."

మర్నాటి నుంచి ఇల్లంతా ఐదింటికి లేచింది. తండ్రి భీమేశ్వరరావు ముందున్న బందరు లడ్డూల డబ్బా పక్కింటి షబానాకు వెళ్లింది. "అంకుల్‌కి షుగరా ఆంటీ?" అందామె. సాయంత్రానికి వీధి వీధంతా పరామర్శకు వచ్చింది. ఆదివారానికి ఆయన రెండు కిలోలు తగ్గాడు. షబానా ఇంటికి రోజూ వెళ్లొచ్చే మాధురి ఒకటి పెరిగింది.

ఆ రోజే కోచింగ్‌కు సర్దిన సంచితో సహా అందరూ మొక్కు తీర్చుకోవడానికి మోపిదేవి స్వామి గుడికి వెళ్లారు. కనకదుర్గ కూడా వచ్చింది.

"రెండు తీరాయి," అన్నాడు భీమేశ్వరరావు గుడి అరుగు మీద కూలబడి. "ఆ మూడోదేంటమ్మా? ఈ ఎండల్లో మునులు కూడా అడవికి వెళ్లరు."

మాధురి ఫోన్ చూపించింది. గడువు ఆ రోజుతో సరి.

ఆయన చాలాసేపు చదివాడు. "మరి కోచింగో?"

"కోచింగ్‌కి నువ్వు మొక్కావా అన్నయ్యా?" అంది కనకదుర్గ.

"లేదు."

"అయితే అది ఆగుతుంది. ఇది ఆగదు."

ఆయన గర్భగుడి వైపు ఓసారి, కూతురి వైపు ఓసారి చూశాడు. "పంపమ్మా. మొక్కు తీరిపోతే నాకూ లడ్డూ తినాలనుంది."

మాధురి కళ్ల ముందు అడవి మెదిలింది. ఈసారి అందులో బురద ఉంది, దోమలున్నాయి. వేలు కాసేపు గాల్లోనే ఆగింది. తర్వాత నొక్కింది.

పంపినదాన్ని వెనక్కి తీసుకునే వీలు ఆ ఫారంలో లేదు. ఆ మేరకు అదీ మొక్కే.