పాతర దర్శనం

ఆవేళ పొద్దున అల్లుడి పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం మామగారు వచ్చేసరికి పన్నెండు ఆవులూ తొట్లు ఖాళీ చేసి నెమరేస్తూ కనిపించాలి. మేత సరిగ్గా పెట్టకపోతే మందను వెనక్కి తోలుకుపోతానని ఆయన ఇచ్చిన రోజే చెప్పాడు. అల్లుడికి ఆ బెంగ లేదు. పచ్చి మొక్కజొన్న నరికి, గుంతలో తొక్కించి, గాలి చొరకుండా కప్పి మాగబెట్టిన పాతర గడ్డి ఉంది. నెల రోజులుగా వచ్చినవాడికల్లా టార్పాలిన్ ఎత్తి, పిడికెడు తీసి వాసన చూపించి మరీ పంపుతున్నాడు.

తీరా చూస్తే ఆవులు గడ్డిని మూతితో పక్కకు నెట్టి గోడకేసి చూస్తున్నాయి. భార్య విడిగా మేపుకునే ముసలి ఆవు ఒక్కటే తొట్టి నాకుతోంది.

"ముందు ఆ టార్పాలిన్ కప్పండి," అంది భార్య.

తన పాతరంటే ఆమెకు గిట్టదని అతని నమ్మకం. పశువుల డాక్టరుకు కబురుపెట్టాడు. ఆయన అన్నిటికీ జ్వరం చూసి, జబ్బేమీ లేదు, మేత చూపించమన్నాడు. అల్లుడికి ఒళ్లు మండి టార్పాలిన్ సగం లాగేశాడు. డాక్టరును చూసి ఆవులకేదో అంటుకుందని పాలవ్యాను డ్రైవరు క్యాన్లు ఎక్కించుకోనన్నాడు. అతన్ని నమ్మించడానికి మిగతా సగమూ లాగాడు. ఇరుగుపొరుగు చేరారు. మామగారు దిగేసరికి పాతర మొత్తం ఎండ కాచుకుంటోంది.

ఆయన ఎవరినీ పలకరించకుండా గడ్డిలో చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి లాక్కున్నాడు. వేళ్ల నిండా తెల్లటి బూజు.

"రోజుకి ఎన్నిసార్లు తెరిచావు అల్లుడూ?"

"చూపించడానికే మామయ్యా. నాలుగైదుసార్లు."

"గాలి తగిలితే కాగి పాడవుతుంది. మనిషైతే మొహమాటానికి తింటాడు. ఆవు తినదు."

అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో భార్య కొట్టం వెనక నుంచి మూతి బిగించిన సంచులు లాక్కొచ్చింది. పాతర నింపిన రోజు మిగిలిన మేతను ఆమె గాలి లేకుండా తొక్కి కట్టింది. ముసలి ఆవుకి ఏ పూట సంచి ఆ పూటే విప్పుతోంది. ఆ చింకి సంచులు అల్లుడికి నామోషీ. అందుకే వాటిని ఒక్కరికీ చూపించలేదు, అందుకే అవి చెడలేదు.

సంచులు విప్పగానే పదకొండు తలలూ గోడ వదిలి ఇటు తిరిగాయి. మంద ఇక్కడే ఉంటుందని, మేత పెత్తనం మాత్రం కూతురిదని మామగారు తేల్చేశాడు.

ఇప్పటికీ ఎవరైనా పాతర చూస్తామని వస్తే అల్లుడు కాదనడు. టార్పాలిన్ చూపిస్తాడు.